నడిమి దిబ్బ

మా గని లాబ్‌లో, వెంట్రుక బరువు కూడా తూచే సన్న త్రాసు మీద ఇనుప రాతి పొడి తప్ప మరేదీ పెట్టకూడదని నియమం. గాజు పెట్టెలో ఉండే ఆ త్రాసుకు కాపలా నేనే. 1982 చలికాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి, కొత్తగా చేరిన నూకరత్నం గారు దాని గాజు తలుపు తీసి, బ్లేడుతో కత్తిరించిన ఒక కాగితం ముక్కను చిన్న పట్టకారుతో పళ్లెం మీద పెట్టి, ఊపిరి బిగబట్టి అంకె చూస్తున్నారు. ముక్క బొటనవేలంత ఉంది. అడుగున చదునుగా, పైన గుండ్రంగా, చిన్న మట్టి దిబ్బలా ఉంది.

"ఏంది మేడం ఇది? కాగితం తూస్తున్నరా?" అన్నాను.

"ఉండు, అంకె మర్చిపోతాను" అని నోటుబుక్కులో రాసుకుని, తలుపు మూసి అప్పుడు నా వైపు చూశారు. "ఐదేళ్ల పని నర్సయ్యా ఇది. దీని బరువెంతో తెలియాలి నాకు. ఆఫీసరుకు చెప్తావా?"

చెప్పనన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. ఆమెది నా ఈడే. లాబ్‌లో అందరికంటే పెద్ద చదువు ఆమెదేనని విన్నాను. అంత చదివిన మనిషి నన్ను అడిగి ఒక పని చేసుకోవడం నాకు గొప్పగా అనిపించి ఉంటుంది.

నా పేరు రామనర్సయ్య. మాది కోంటా పక్క మరైగూడ. ఇంట్లో తెలుగు, చేలల్లో దోర్లీ, బడిలో హిందీ. బస్తర్‌లో కిరందుల్ ఇనుప గనిలో శాంపిల్ రాళ్లు దంచే పనికి చేరి, పదేళ్లకు లాబ్ అటెండెంటునయ్యాను. గని నుంచి విశాఖ రేవుకు వెళ్లే ప్రతి రైలు సరుకులోంచి దోసెడు పొడి మా బల్ల మీదికి వస్తుంది. అందులో ఇనుమెంత, మట్టెంత అని తేల్చి చెప్పడం మా పని.

నూకరత్నం గారి నాన్న సన్యాసిరావు. శృంగవరపుకోట పక్క పల్లెవాడు. కొత్తవలస నుంచి కొండలు తొలుచుకుంటూ రైలుమార్గం వేస్తున్నప్పుడు సొరంగాల్లో మట్టి ఎత్తే ముఠాతో బయల్దేరాడు. మార్గం కిరందుల్‌లో ఆగిపోయింది, ఆయనా అక్కడే ఆగిపోయి గనిలో చేరాడు. నూకరత్నం గారి చిన్న క్లాసులన్నీ ఆ ముఠా గుడారాల్లోనే, గుడారం మారినప్పుడల్లా కొత్త ఊళ్లో. పెద్ద క్లాసులూ, డిగ్రీ జగదల్‌పూర్‌లో హాస్టల్లో ఉండి హిందీలో చదివారు. ఆ పైన రెండు రైళ్లు మారి వెళ్లాల్సినంత దూరంలో ఒక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చేసి, అక్కడే పరిశోధనలో చేరారు. తట్ట మోసిన మనిషి కూతురు అంత దూరం వెళ్లడం గని టౌన్‌షిప్‌లో చాలామందికి మింగుడు పడలేదు. వాళ్లమ్మ పైడమ్మకు మాత్రం కూతురు ఏం చదువుతోందో సరిగా తెలియదు. ఎవరడిగినా "గాలి పగలగొడతాదంట" అని చెప్పేది.

అది మరీ తప్పు మాటేం కాదు. కొన్ని వారాల తరవాత నేనడిగితే ఆమె నాకూ దాదాపు అలాగే చెప్పారు.

"హైడ్రోజన్ అణువంటే రెండు ప్రోటాన్లు, వాటిని కలిపి పట్టుకున్న రెండు ఎలక్ట్రాన్లు. ఒక ఎలక్ట్రాన్ లాగేసేవనుకో, మిగిలిన ఒక్కటే ఆ రెండింటినీ పట్టుకుంటాది. అలాంటివాటిని పదివేల వోల్టులతో తోసి, పల్చటి హీలియం గాలిలోకి వదుల్తాం. గుద్దుకుని విడిపోతాయి. విడిపోయిన ముక్క ఎంత శక్తితో బయటికొస్తాదో కొలవడం, అదీ నా పని."

"పదివేలల్ల చెరి సగం, ఐదువేలు కద?"

ఆమె మొహం వెలిగింది. అలా వెలగడం నేను చూసింది బహుశా రెండు మూడుసార్లే.

"అక్కడే ఉంది. సగం సగమే అవ్వాలి. కాని విడిపోయేటప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మన రైలు చూడు. పరిగెడుతున్న రెండు వేగన్ల మధ్య నొక్కి పెట్టిన స్ప్రింగ్ ఉందనుకో. మధ్య కొక్కెం తెగితే ముందుది ఇంకా ముందుకు పోతాది, వెనకది వెనక్కి తగ్గుతాది. అందుకని ఐదువేల దగ్గర కాకుండా, దానికి అటు రెండు వందల యాభై, ఇటు రెండు వందల యాభై దూరంలో కనబడతాయి. స్ప్రింగ్‌లో ఉన్నది ఐదారు వోల్టుల బలమే. కాని బండి వేగంతో కలిసేసరికి వందల్లోకి పెరుగుతాది. అంత చిన్న తోపుడిని చూడగలిగేది అందుకే."

కొలిచే పరికరం పెద్ద అల్మరా అంత ఉండేదట. లోపల గాలి లేకుండా పంపులు రాత్రింబవళ్లు తిరగాలి. కరెంటు పోతే మళ్లీ రెండు రోజులు. వంపు తిరిగిన రెండు లోహపు పలకల మధ్య నుంచి ముక్కలు పోతాయి. పలకల మీద వోల్టేజీ ఎంత ఉంటే సరిగ్గా అంత శక్తి ఉన్న ముక్కే రెండో కొస దాటుతుంది, తక్కినవి పలకలకు తగిలి ఆగిపోతాయి. వోల్టేజీని మెల్లగా పెంచుతూ పోతే, దాటిన ముక్కలెన్నో ఒక పెన్ను కాగితం చుట్ట మీద గీత గీస్తుంది. ఒక్క గీతకు నలభై నిమిషాలు. ఆ గీతలో రెండు కొండలు రావాలి. వచ్చాయి. వాటి నడుమ, సరిగ్గా ఐదువేల దగ్గర, ఎవరూ చెప్పని చిన్న దిబ్బ కూడా వచ్చింది.

"తోసుకోకుండా విడిపోయినవి" అన్నారు ఆమె. "అప్పటికే వదులుగా ఊగుతున్న జంటలు. చిన్న దెబ్బకే పట్టు జారి, ఒకదాన్నొకటి నెట్టుకోకుండా పక్కపక్కనే పోతాయి. అవీ ఉన్నాయని ఆ దిబ్బ చెప్తోంది."

ఆమె గైడు ఆ రంగంలో పేరున్న ప్రొఫెసరు. పదేళ్ల క్రితం తన పాత పరికరంతో ఇదే కొలిచి, నడుమ ఏమీ లేదనీ, కనబడే మసక అంతా పరికరం గోడల నుంచి చెదిరి వచ్చే చెత్త అనీ వ్యాసం రాశారు. ఆ వ్యాసం మీదే ఆయనకు ప్రొఫెసరు కుర్చీ వచ్చిందని అక్కడి లాబ్‌లో చెప్పుకునేవారట. నూకరత్నం గారు దిబ్బ చూపించగానే "లీకు ఉంది, పంపు చూసుకో" అన్నారు. ఆమె లీకు వెతికారు. లేదు. హీలియం పూర్తిగా ఆపి చూశారు, దిబ్బ మాయమైంది. అంటే గోడల చెత్త కాదు. అప్పుడు ఆయన, ఎలక్ట్రాన్ పోయిన ఒక్కో అణువు రెండేసిసార్లు గుద్దుకుంటోంది, అందువల్ల వచ్చిన భ్రమ అన్నారు. ఆమె హీలియం సగానికి తగ్గించారు. రెండుసార్లు గుద్దుకోవడం వల్ల వచ్చిందైతే దిబ్బ నాలుగో వంతుకు పడిపోవాలి. సరిగ్గా సగమైంది. మూడో వంతుకు తగ్గిస్తే మూడో వంతైంది. ఆ కాగితాలు తీసుకెళ్లి ఆయన బల్ల మీద పరిచారు.

ఆయన వాటిని చూడలేదట. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "అమ్మా, నువ్వు గని నుంచి వచ్చావు. రాయి పగిలితే మూడు ముక్కలవచ్చు. ఇది రాయి కాదు" అన్నారట.

ఈ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో మార్పేమీ లేదు. కాని తరవాత పదేళ్లలో కనీసం ఐదారుసార్లు అదే మాటను, అవే పదాలతో, నాకు మళ్లీ చెప్పారు.

అయినా ఆమె పట్టు వదలకపోయేవారేమో. 1981 వానాకాలంలో సన్యాసిరావు మలేరియా మెదడుకెక్కి నాలుగు రోజుల్లో పోయాడు. గనివాళ్లు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు, ఏడాదిలోగా చేరాలి. ఆమె తమ్ముడికింకా వయసు రాలేదు. ఎవరూ చేరకపోతే పైడమ్మ క్వార్టరు ఖాళీ చేయాలి. కర్మ ముగిశాక వెనక్కి వెళ్లిన నూకరత్నం గారిని గైడు పిలిచి, చాలా మెత్తగా మాట్లాడారు. రెండు కొండల బొమ్మతో థీసిస్ ఇస్తే నెలలో సంతకం పెడతానన్నారు. మూడో దిబ్బతో అయితే తను పెట్టలేనని, ఇంకో గైడును వెతుక్కోవాలని అన్నారు.

"వారం రోజులు ఏం చెయ్యలేదు" అని చెప్పారు నాకు. "పరికరం కూడా ఆన్ చెయ్యలేదు. ఎనిమిదో రోజు ట్రేసింగ్ కాగితం పరిచి, వంపు స్కేలు పెట్టి, ఎడమ కొండ దిగిన చోటి నుంచి కుడి కొండ ఎక్కే చోటి దాకా నున్నగా గీసీసేను. రెండు నిమిషాల పని. చెయ్యి వణకలేదు నర్సయ్యా. అదే నాకు ఇప్పటికీ..."

రాత కూడా ఆమే రాశారు: 'నడుమ భాగంలో చెప్పుకోదగిన ముక్కలేవీ లేవని ఈ ప్రయోగం నిర్ధారిస్తోంది.' గైడు సంతకం పెట్టారు. డాక్టరేటు వచ్చింది. ఆమె అసలు కాగితం చుట్టలు నలభై మూడింటిని ఒక రేకు పెట్టెలో సర్దుకుని కిరందుల్ వచ్చి, మా లాబ్‌లో అసిస్టెంటుగా చేరారు. ఆ ఉద్యోగానికి మామూలు బీఎస్సీ చాలు. తన పేరు ముందు డాక్టరని ఆమె రాసుకోలేదు, మేమెవరం పిలవలేదు.

ఆ చుట్టల కోసమే త్రాసు. గీత కింద ఎంత చోటుంటే అన్ని ముక్కలు వచ్చినట్టు. ఆ చోటు కొలవడానికి ఆమె దగ్గర ఏ యంత్రమూ లేదు, సన్న త్రాసు ఉంది. ఒకే కాగితంలో చోటు ఎంత ఎక్కువైతే ముక్క బరువు అంత ఎక్కువ. ప్రతి గీతనూ మంచి డ్రాయింగ్ కాగితం మీదికి ఐదేసిసార్లు ఎత్తి రాసుకుని, ఎడమ కొండ, దిబ్బ, కుడి కొండ వేరువేరుగా కత్తిరించి తూచేవారు. కాగితం మందం అంతటా ఒకేలా ఉండదని అదే కాగితంలోంచి కొలిచిన చదరం ముక్క కోసి ముందు దాన్ని తూచేవారు. బస్తర్ వానల్లో కాగితం చెమ్మ తాగి బరువెక్కుతుంది. అందుకని ముక్కలను రాతి పొడి ఆరబెట్టే గాజు జాడీలో ఒక పూటంతా ఉంచి తీసేవారు. ఎర్రదుమ్ము పడితే మొత్తం వృథా. మేం ఆ గదిలో తలుపు కింద తడిగుడ్డ పెట్టేవాళ్లం. మేం అంటున్నాను. మొదటి ఏడాది గడిచేసరికి జాడీ మూత తీసేదీ, తడిగుడ్డ పిండేదీ, ఆమె చదివిన అంకెను రెండోసారి చూసి సరేననేదీ నేనే.

పగలు అన్నం గంటలో, ఆదివారాలు. మూడేళ్లు పట్టింది. మొత్తం ముక్కల్లో నూటికి పదకొండున్నర పాళ్లు ఆ దిబ్బలోవేనని తేలింది. తప్పు పోతే అర పాలు అటూ ఇటూ. 1985 ఎండాకాలంలో ఆమె ఆ లెక్కంతా వ్యాసంగా రాసి, జగదల్‌పూర్ వెళ్లి టైపు చేయించి, ఒక పెద్ద పత్రికకు రిజిస్టరు పోస్టులో పంపారు. ఆ రోజు పక్కూరు బచేలి నుంచి మిఠాయి తెప్పించి లాబ్‌లో అందరికీ పంచారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు పాసయ్యాడేమో అనుకున్నారు.

తొమ్మిది నెలలకు జవాబు వచ్చింది. ఆమె నిలబడే చదివి, కాగితం నా చేతికిచ్చారు. నాకు ఇంగ్లీషు అంతగా రాదు. నెమ్మదిగా కూడబలుక్కుంటుంటే ఆమే చెప్పేశారు.

"వ్యాసం చదివిన నిపుణుడు ఒకే ఒక్క అభ్యంతరం రాసేడు. ఇదే పరికరం మీద, ఇవే కొలతలతో ఇంతకు ముందు చేసిన ఒక థీసిస్‌లో నడుమ ఏమీ లేదని స్పష్టంగా నిర్ధారించారట. పేజీ నంబరుతో సహా వాక్యం ఎత్తి రాసేడు. ఆ థీసిస్ రాసింది ఈ వ్యాసం రాసిన మనిషేనట. ఏది నమ్మమంటారని అడుగుతున్నాడు."

"ఆ నిపుణుడు ఎవరు మేడం?"

"పేరు చెప్పరు. ఆ థీసిస్ అచ్చు కాలేదు. నాలుగు కాపీలే ఉన్నాయి. పేజీ నంబరు ఎవరికి తెలుస్తాదో నువ్వే చెప్పు."

నెల రోజులు ఆమె రాతి పొడి తూచారు, అంకెలు రాశారు, వెళ్లిపోయారు. ఆ తరవాత ఒకరోజు ఒక ఉత్తరం నకలు నా ముందు పెట్టారు. విశ్వవిద్యాలయానికి రాసినది. నా థీసిస్‌లో ఫలానా బొమ్మ నిజం కాదు, నడుమ ఉన్న భాగాన్ని నేనే చెరిపేశాను, అసలు గీతలు నా దగ్గర ఉన్నాయి, పరిశీలించండి అని ఉంది. గైడు చెప్పిన మాటలు కూడా, తేదీతో, అందులో ఉన్నాయి.

"ఎందుకు మేడం ఇది? డిగ్రీ పోతది" అన్నాను.

"అది నిజమని ఒప్పుకోవాలంటే, ఇది అబద్ధమని నేను ఒప్పుకోవాలి కదా. ఇంకో దారి నీకు కనబడుతోందా?"

నాకు కనబడలేదు. ఇన్నేళ్లు ఆలోచించినా కనబడలేదు.

విశ్వవిద్యాలయం ముగ్గురితో కమిటీ వేసింది. గైడు తనకేమీ తెలియదన్నారు. విద్యార్థిని తెచ్చిన బొమ్మను నమ్మి సంతకం పెట్టానన్నారు. కమిటీ కాగితం చుట్టలను తెప్పించుకుని చూసి, వాటి మీద తేదీలు తప్ప ఎవరి సంతకాలూ లేవు కాబట్టి సాక్ష్యంగా తీసుకోలేమంది. ఇక మిగిలింది మూడేళ్ల తూకాల నోటుబుక్కు. అది కూడా ఇంట్లో కూర్చుని రాసినది కాదని నమ్మకమేమిటని వాళ్లు మా లాబ్‌కు ఉత్తరం రాశారు. ఇలాంటి తూకాలు మీ త్రాసు మీద జరిగాయా, చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

మా ఆఫీసరు నన్ను తన గదిలోకి పిలిచారు. మంచి మనిషే. కుర్చీ చూపించారు, నేను కూర్చోలేదు. ఉత్తరం చదివి వినిపించి హిందీలో, "త్రాసు నీ జిమ్మా కదా రామనర్సయ్యా. సొంత పనికి వాడనిచ్చావా?" అని అడిగారు.

ఆ ఏడాది సర్వీసు లెక్కన నా పేరు అసిస్టెంటు కెమిస్టు ప్రమోషన్ జాబితాలో ఉంది. ఆ మాట ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

"లేదు సార్" అన్నాను. "నేను చూడలేదు."

ఆయన అదే రాసి, నాతో కింద సంతకం పెట్టించుకున్నారు.

1987 ఫిబ్రవరిలో నూకరత్నం గారి డాక్టరేటు రద్దయింది. ఆ ఉత్తర్వు నకలు మా ఆఫీసుకు కూడా వచ్చింది. డిగ్రీ ఉన్నన్నాళ్లు ఎవరూ డాక్టరని పిలవని మనిషిని, అది పోయాక క్యాంటీన్‌లో 'దొంగ డాక్టర్' అనడం మొదలుపెట్టారు. పైడమ్మ నీళ్ల పంపు దగ్గర ఆ మాట విని ఇంటికొచ్చి, "ఏటి దొంగతనం చేసేవు అమ్మా?" అని కూతుర్ని అడిగిందట. ఏం చెప్పాలో తెలియక ఆమె "బొమ్మ తప్పు గీసేనమ్మా" అన్నారట. ఆ తరవాత పైడమ్మ పంపు దగ్గరికి వెళ్లడం మానేసింది.

గీత చెరిపానని తనే ఒప్పుకున్న మనిషి సంతకం రేవుకు వెళ్లే పరీక్ష కాగితాల మీద ఉండటం బాగుండదని ఆఫీసరు ఆమెను శాంపిళ్లకు చీటీలు కట్టే బల్లకు మార్చారు. ఆ సంతకం ఎవరో ఒకరు పెట్టాలి. జూలైలో నా ప్రమోషన్ వచ్చింది. ఆగస్టు నుంచి నేను పెట్టాను.

ఆమె అన్నం గంటలో ఎప్పట్లా నా ఎదురుగానే కూర్చునేవారు. పైడమ్మ చేసిన ఎండు చేపల పులుసు నా డబ్బాలో సగం వేసేవారు. ఆమెకు తెలియదనే నేననుకున్నాను. సాక్షి పేరు బయటపెట్టరని ఎవరో అంటే నమ్మాను.

1992లో ఆమె పాత లాబ్‌లో జూనియర్‌గా ఉన్న ఒకతను ఒక జిరాక్సు పంపాడు. వేరే దేశంలో, కొత్త పరికరం మీద, అదే ప్రయోగం. బొమ్మలో రెండు కొండలు, వాటి నడుమ దిబ్బ. చూడగానే నేను గుర్తుపట్టాను. ఐదేసి కాపీల చొప్పున రెండు వందలసార్లకు పైగా ఆ ఆకారాన్ని చేత్తో పట్టుకున్నవాణ్ని. వాళ్ల లెక్కలో నడిమి దిబ్బ నూటికి పదకొండు పాయింటు ఎనిమిది.

"మీదే మేడం" అన్నాను. "మీరు చెప్పిందే వచ్చింది. మీరే ముందు."

ఆమె జిరాక్సు వెనక్కి తిప్పి, చివరి పేజీలో ఒక లైను మీద వేలు పెట్టారు. 'తొలి ప్రయోగాల్లో ఈ నడిమి భాగం కనబడలేదు' అని ఉంది. పక్కన రెండు నంబర్లు. ఒకటి గైడు పాత వ్యాసానిది. రెండోది ఆమె థీసిస్‌ది, ఆమె పూర్తి పేరుతో.

"ముందు నేను రాసింది ఏటి? లేదని" అన్నారు. "దిబ్బ లేదన్నవాళ్లలో నా పేరుంది చూడు. డిగ్రీ తీసీసేరు గాని పుస్తకం అలమరాలోంచి తియ్యలేదు, అడిగినవాళ్లకి నకలు పంపుతున్నారు."

ఏడవలేదు. జిరాక్సును మడిచి, శాంపిల్ చీటీల కట్ట కింద పెట్టి, మధ్యాహ్నం షిఫ్టు రాళ్లకు చీటీలు కట్టడానికి కూర్చున్నారు. అదే ఏడాది గైడు పదవీ విరమణ చేశారు. సన్మాన సంచికలో ఆయన, ఇటీవల బయటపడిన ఈ మూడో భాగం ఉండవచ్చని తాము మొదటి నుంచి అనుమానిస్తూనే ఉన్నామని రాశారని అదే జూనియర్ మరో ఉత్తరంలో తెలియజేశాడు. ఆ ఉత్తరానికి ఆమె జవాబు రాయలేదు.

మరో ఐదేళ్లకు పైడమ్మ పోయింది. పన్నెండో రోజు దాటాక నూకరత్నం గారు భద్రాచలం వెళ్లి గోదావరిలో మునగాలనుకున్నారు. నేనూ మరైగూడ వెళ్లే పని ఉండి, జగదల్‌పూర్‌లో ఒకే బస్సు ఎక్కాం. దారిలో తోంగ్‌పాల్‌లో బస్సు టైరు మార్చడానికి అరగంట ఆగింది. రోడ్డు పక్క చాయ్ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాం. పదేళ్లుగా గొంతులో ఉన్న మాట అక్కడ ఎందుకు బయటికొచ్చిందో చెప్పలేను. ఆమెకిక ఎవరూ లేరనిపించింది కాబోలు.

"మేడం, ఒక మాట. ఆ కమిటీ ఉత్తరం వచ్చినప్పుడు ఆఫీసరు నన్నడిగిండు. నేను చూడలేదని చెప్పిన. సంతకం గూడ బెట్టిన."

"తెలుసు" అన్నారు.

"ఎప్పటి సంది?"

"కమిటీ కాగితాల నకళ్లు నాకూ పంపేరు కదా. మొదటి రోజు నుంచీ తెలుసు. నీ సంతకం నాకు తెలీదేటి?"

"మరి ఒక్కసారన్న అడగలేదేంది? పదేండ్లు ఒక్క బల్ల మీద తిన్నం."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టారు. అప్పటిదాకా తాగలేదు.

"అడిగితే ఏటి చెప్తావు? పిల్లలున్నారంటావు, ప్రమోషన్ అంటావు. నాకూ అలాంటి కారణాలే ఉండేవి. అవి ఎలా ఉంటాయో నాకు తెలుసు. అందుకే అడగలేదు."

"క్షమించండి మేడం."

"నా గీత నేను చెరిపేను నర్సయ్యా. తప్పే. కాని అది నేను గీసిన గీత, నేనే చెరిపేను, దానికి నేనే అనుభవించేను. ఆ తూకాలు మనిద్దరివి. జాడీ మూత తీసింది నువ్వు. అంకె సరేనన్నది నువ్వు. అది చెరపడానికి నీకెవరు చెప్పేరు?"

కండక్టరు పిలిచాడు. ఎక్కేటప్పుడు ఆమె ముందు సీట్లో, కోంటా సంతకు పోతున్న ఆడవాళ్ల మధ్య సర్దుకుని కూర్చున్నారు. నేను వెనక్కి వెళ్లాను. మరైగూడలో నేను దిగుతుంటే కిటికీలోంచి, "సోమవారం డ్యూటీకి వస్తావు కదా, ఆ గురువారం శాంపిళ్ల చీటీలు తప్పు పడ్డాయి, సరిచెయ్యాలి" అన్నారు.

సోమవారం వెళ్లాను. ఆమె వచ్చారు. చీటీలు సరిచేశాం. ఆ రోజు నుంచి ఆమె అన్నం తన బల్ల దగ్గరే తిన్నారు. 2011లో ఆమె రిటైరయ్యేదాకా మా మధ్య శాంపిల్ నంబర్లు, తేదీలు తప్ప వేరే మాట నడవలేదు. వీడ్కోలు సభలో ఆమె గురించి రెండు మాటలు చెప్పమని నన్నే లేపారు. చాలా జాగ్రత్తగా పనిచేసే మనిషి అని చెప్పి కూర్చున్నాను. మూడేళ్ల తరవాత బచేలిలో అద్దె గదిలో పోయారు. కబురు నాకు రెండో రోజు తెలిసింది. వెళ్లేసరికి తమ్ముడు వచ్చి అంతా ముగించి, గది తాళం ఇంటివాళ్లకు అప్పజెప్పి వెళ్లిపోయాడు.